హెడ్డింగు గారి సెలవు

కోస్తా పడవల అనుమతుల డైరెక్టరేట్ చేయాల్సిన పని ఒక్కటే. చేపల వేటకు వెళ్ళే ప్రతి పడవకీ ఏడాదికోసారి లైసెన్సు ఇవ్వాలి. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ పడవలు ఒడ్డున ఉంటాయి. జనం వలలు బాగుచేసుకుంటారు, ఇంజన్లు విప్పి బిగించుకుంటారు, మా ఆఫీసు చుట్టూ తిరుగుతారు. జూన్ పదిహేను తెల్లారేసరికి అందరూ బయల్దేరాలి. కొత్త లైసెన్సు లేని పడవని జెట్టీ దాటనివ్వరు.

ఆ లైసెన్సులు అచ్చువేసేది మనుషులు కాదు, ఏసీ గదిలో యూనిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్. దాన్ని చూసుకోవడానికి కాంట్రాక్టు మీద తీసుకున్న సిస్టం అడ్మినిస్ట్రేటర్‌ని నేను. పేరు దివాకరం. అలాంటి యంత్రంలో నడుస్తూ ఉన్న ఒక్కో ప్రోగ్రాంనీ ప్రాసెస్ అంటారు. మా సర్వర్లో అవి నూట ఎనభై నాలుగు. అందులో నూట ఎనభై మూడు యంత్రాన్ని బతికించి ఉంచేవి, ఒక్కటి లైసెన్సులు వేసేది. ఒక్కడు పనిచేయడానికి నూట ఎనభై ముగ్గురు కావాలా అని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. ప్రభుత్వంలో పాతికేళ్ళు చేసినవాళ్ళు మాత్రం పర్వాలేదే అంటారు.

ఏప్రిల్ ఆఖరున మాకు కొత్త డైరెక్టర్ వచ్చారు. త్రివిక్రమరావు గారు. రావడానికి ముందు ఆయన ఓ కొండ మీది అతిథి గృహంలో మూడు రోజులపాటు 'గణాంక ఆధారిత పాలన' మీద శిక్షణ పొందారు. మూడు రోజుల్లో మొదటి రోజు పరిచయాలు, మూడో రోజు ఫొటోలు. మధ్యలో ఉన్న ఆ ఒక్కరోజే మా కొంప ముంచింది.

"ఈ కార్యాలయంలో ఎన్ని ప్రాసెస్‌లు విధుల్లో ఉన్నాయి?" అని అడిగారు చేరిన రోజునే. నేను చెప్పాను. "ఎవరు ధ్రువీకరించారు?" అన్నారు. సాయంత్రానికల్లా సూపరింటెండెంట్ అనసూయ గారు ఓ పొడుగాటి రిజిస్టర్ తెరిచారు. తేదీ, ప్రాసెస్‌ల సంఖ్య, నిన్నటి సంఖ్య, తేడా, తేడాకి కారణం, సంతకం. అనసూయ గారు ముప్ఫై ఒక్కేళ్ళ సర్వీసున్న మనిషి. ఏ పిచ్చి ఆలోచన వచ్చినా దానికి ముందు గీతలు గీసి కాలమ్‌లు కడతారు. అలా కడితే పిచ్చి కాలమ్‌ల మధ్యే ఉంటుంది, మనుషుల మీదికి రాదు అని ఆవిడ నమ్మకం.

రోజూ ఉదయం పదింటికి నేను సర్వర్ ముందు కూర్చుని లెక్క చూసేవాణ్ణి. అందుకు టాప్ అనే ప్రోగ్రాం ఒకటుంది. అది నూట ఎనభై ఐదు చూపించేది. అందులో ఒకటి టాప్ తానే. లెక్క చూపించడానికి అదీ నడవాలి కదా. అందుకని ఒకటి తీసేసి నూట ఎనభై నాలుగు అని రాసేవాణ్ణి. తేడా లేదు, కారణం లేదు, సంతకం నాది. పది రోజులు ప్రశాంతంగా గడిచాయి.

పదకొండో రోజున డైరెక్టర్ గారు స్వయంగా వచ్చారు. శిక్షణలో నేర్చుకున్న కమాండ్ జేబులోని కాగితం చూసుకుంటూ ఒక్కో అక్షరం నొక్కారు. ప్రాసెస్‌ల జాబితా రాసే ప్రోగ్రాం ఒకటి, ఆ జాబితాలో వరుసలు లెక్కపెట్టే ప్రోగ్రాం ఇంకొకటి. రెండింటినీ జతచేసి నడిపితే తెర మీద ఒక్క సంఖ్య వస్తుంది. వచ్చింది. నూట ఎనభై ఏడు.

"రిజిస్టర్లో?"

"నూట ఎనభై నాలుగు సార్," అన్నారు అనసూయ గారు.

ఆయన నా వైపు తిరిగారు. "ముగ్గురు అనధికార వ్యక్తులు ఎక్కడి నుంచి వచ్చారు దివాకరం గారూ?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. "జాబితా రాసే ప్రోగ్రాం కూడా ఆ క్షణాన నడుస్తూనే ఉంటుంది సార్. అందుకని తన పేరు తనే రాసుకుంటుంది. వరుసలు లెక్కపెట్టేది రెండోది. అదీ నడుస్తోంది కాబట్టి జాబితాలోకి వస్తుంది. మూడోది అసలు ప్రాసెస్ కాదు. జాబితా మీద పేరు, నంబరు, సమయం అని హెడ్డింగు ఉంటుంది కదా, ఆ వరుస. లెక్కపెట్టేదానికి అది హెడ్డింగని తెలీదు. దాన్నీ ఒకటి కింద కలిపేస్తుంది."

"అంటే అందరికంటే పైన ఉన్నది లెక్కలోకి రాదంటారు."

"రాదు సార్. కింద ఉన్నవాటి పేర్లేమిటో చూపించడానికే అది పైన ఉంటుంది. అది చేసే పనేం లేదు."

అనసూయ గారు దగ్గారు. నేను ఏమన్నానో నాకు రెండు క్షణాలు ఆలస్యంగా అర్థమైంది.

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ కార్యాలయంలో పైన ఉన్నదాన్ని లెక్కలోంచి తప్పించే సంప్రదాయాన్ని నేను అనుమతించబోను. ఇకమీదట అధికారిక సంఖ్య నూట ఎనభై ఏడు. హెడ్డింగు సహా," అని చెప్పి వెళ్ళిపోయారు.

ఒక్క సంగతిలో మాత్రం ఆయన నన్ను ఆశ్చర్యపరిచారు. ఆ జాబితాలో చాలావాటి పక్కన 'నిద్ర' అని ఉంటుంది. పని వచ్చేదాకా కాచుకుని ఉన్నాయని దాని అర్థం. దాని మీద పెద్ద రభస జరుగుతుందని భయపడ్డాను. ఆయన ఆ కాలమ్ చూసి, "ఉద్యోగులకి అది సహజం," అని ముందుకు వెళ్ళిపోయారు.

అసలు చిక్కు మర్నాడు వచ్చింది. సర్వర్ కొన్నప్పటి ఫైలు ఆయన తెప్పించుకున్నారు. ఆరేళ్ళ కిందట టెండరు ఫారంలో 'ప్రాసెస్‌ల పరిమితి' అనే గడి ఖాళీగా ఉంచకూడదని ఎవరో రెండు వందలు అని నింపి ఉన్నారు. ఎవరు నింపారో, ఎందుకు నింపారో ఎవరికీ తెలియదు. కింద ఆర్థిక శాఖ వారి ముద్ర ఉంది. దాంతో అది మంజూరైన సంఖ్య అయిపోయింది. రెండు వందలకి ఒక్కటి మించినా అది అనుమతి లేని నియామకం కిందికి వస్తుంది.

ఇక వరసగా మొదలయ్యాయి. సంఖ్యలో తేడా వస్తే కనిపెట్టడానికి ఓ నిఘా ప్రోగ్రాం పెట్టమన్నారు. పెట్టాను. అది నడుస్తుంది కాబట్టి సంఖ్య నూట ఎనభై ఎనిమిదికి చేరింది. తేడా కనిపెట్టడానికి పెట్టినది పెట్టగానే మొట్టమొదట కనిపెట్టిన తేడా తనే. ఆ సంగతి అది వెంటనే డైరెక్టర్ గారికి నివేదించింది. ఆయన చాలా సంతోషించారు. లెక్కపెట్టినవాడే ధ్రువీకరించకూడదన్నది ఆడిట్ సూత్రం కాబట్టి దాని మీద ఇంకొకటి పెట్టించారు. నూట ఎనభై తొమ్మిది. తర్వాత ఏడు సెక్షన్లకీ తలా ఒకటి కావాలన్నారు, ఒక సెక్షన్ లెక్క ఇంకో సెక్షన్ వాళ్ళు ఒప్పుకోరని. మే ఇరవయ్యో తేదీకి నూట తొంభై ఆరు. అవన్నీ నిమిషానికోసారి ఒకదాన్నొకటి లెక్కపెట్టుకునేవి. ఏ రెండూ ఒక్క సంఖ్య చెప్పేవి కావు.

ఆ పాపం లైసెన్సుల మీద పడింది. ఏప్రిల్లో రోజుకి నలభై వేసేది ఆ ఒక్క ప్రాసెస్. మే మధ్యకి పన్నెండుకి పడింది. ఇంతమంది తొక్కిసలాటలో దానికి తన వంతు రావడం గగనమైపోయింది. రాసి పంపాను. ఎందుకు నెమ్మదించిందో నిమిషం నిమిషం పరిశీలించే ప్రోగ్రాం ఒకటి పెట్టమని జవాబొచ్చింది. పెట్టాను. రోజుకి మూడుకి పడింది.

నూకరత్నం మొదటిసారి వచ్చింది ఆ రోజుల్లోనే. చెక్కా నూకరత్నం, యాభై ఏళ్ళుంటాయి, ఓ మోటారు పడవకి యజమాని. ఉప్పు గాలికి రంగుపోయిన ప్లాస్టిక్ సంచిలో కాగితాలు పెట్టుకుని సరాసరి సర్వర్ గది గుమ్మం దాకా వచ్చేసింది.

"బాబూ, మా పడవ కాయితం అయ్యిందాండీ? సర్వే అబ్బాయి చూసెళ్ళి పన్నెండ్రోజులైంది. అన్నీ బాగున్నాయన్నాడు. ఇంకా ఏంటండి ఆలీసం?"

వరుసలో ఉందమ్మా అన్నాను. ఆమె కదల్లేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడి నెమ్మదిగా చెప్పింది. "ఆరుగురు కుర్రోళ్ళు నా పడవని నమ్ముకుని కూర్చున్నారండి. వేట మొదలైన రోజు ఎవడు ఏ పడవెక్కితే ఏడాదంతా ఆ పడవే. అది మా కట్టుబాటు. పదేనో తారీకు నా పడవ కదలకపోతే ఆళ్ళు వేరే పడవెక్కేస్తారు. నేనేవీ అనలేను. ఆళ్ళకీ పిల్లలున్నారు కదండీ. ఇంక ఏడాదంతా నా పడవ ఇసకలోనే."

నేను మా లెక్కల గొడవ ఆమెకి చెప్పకుండా ఉండాల్సింది. మనసులో కుతకుతలాడుతున్నది ఎవరితోనో చెప్పుకోవాలనిపించి చెప్పేశాను. నూకరత్నం మొత్తం వింది.

"మేమూ లెక్కెట్టుకుంటామండి," అంది. "ఆరుగురు ఎల్లారా, ఆరుగురు వచ్చారా అని నేను ఒడ్డుమీద నిలబడి చూసుకుంటాను. నన్ను నేను కలుపుకుంటే ఏడవుద్ది. ఆ ఏడోవోడి కోసం సముద్రంలో ఎతుక్కుంటామా బాబూ?"

ఆ మాట ఫైల్లో పెడదామని అనసూయ గారిని అడిగాను. దానికి తగిన కాలమ్ లేదన్నారు ఆవిడ, నిజంగానే బాధపడుతూ.

ఆ వారంలోనే డైరెక్టర్ గారికి మనుషుల్ని కూడా లెక్కపెట్టాలనిపించింది. మా కార్యాలయంలో మంజూరైన ఉద్యోగులు ముప్ఫై ఒక్కరు. ఆయన ఉదయం పదింటికి గుమ్మం దగ్గర నిలబడి వేలు చూపిస్తూ స్వయంగా లెక్కపెట్టారు. ముప్ఫైమందే వచ్చారు. రెండుసార్లు లెక్కపెట్టినా ముప్ఫైయే. యంత్రం తనని తాను కలుపుకుంటుంది, ఈయన తనని తాను మరిచిపోయారు. ఆ సంగతి అక్కడున్న ముప్ఫైమందికీ తెలుసు. చెప్పే ధైర్యం ఏ ఒక్కరికీ లేదు, నాకూ లేదు. 'అనుమతి లేకుండా గైర్హాజరైన ఉద్యోగి' అని పేరు లేకుండానే మెమో తయారై నోటీసు బోర్డు ఎక్కింది. మూడో రోజున హైదరాబాద్ నుంచో ఎక్కడి నుంచో ఓ అతిథి అధికారి వచ్చి వరండాలో నిలబడి ఉండగా మళ్ళీ లెక్క జరిగింది. ముప్ఫై ఒకటి సరిపోయింది. 'సదరు ఉద్యోగి తిరిగి విధులలో చేరినందున మందలించి వదిలివేయడమైనది' అని డైరెక్టర్ గారు రాసుకున్నారు.

జూన్ మొదటి వారానికి ప్రాసెస్‌ల సంఖ్య సరిగ్గా రెండు వందలకి చేరింది. నెమ్మదితనాన్ని పరిశీలించేది నూట తొంభై ఏడు. అన్ని నివేదికల్నీ ఒక్క నివేదికగా కలిపేది, కలిపిన నివేదిక అందిందో లేదో చూసేది, డైరెక్టర్ గారి గదిలో పెద్ద తెర మీద అంకెల్ని ఆకుపచ్చగా చూపించేది కలిపి ఇంకో మూడు. మంజూరు రెండు వందలు, ఉన్నవి రెండు వందలు. ఆ రోజు ఆఫీసులో మైసూర్‌పాక్ పంచారు.

మర్నాడే ప్రధాన కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. 'మీ కృషి ఆదర్శప్రాయం. దీన్ని ఇక్కడి నుంచి ప్రత్యక్షంగా వీక్షించుటకు మా తరఫున కూడా ఒక ప్రాసెస్‌ను తక్షణమే నియమించవలసింది.' నియమించాం. రెండు వందల ఒకటి.

డైరెక్టర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఒకరిని తప్పించాలి. ఎవరిని తప్పించవచ్చు?"

యంత్రాన్ని బతికించే నూట ఎనభై మూడింటిలో ఏది తీసినా యంత్రం ఆగిపోతుందని చెప్పాను. నిఘా ప్రోగ్రాంలలో ఏదైనా ఒకటి తీసేద్దాం సార్ అన్నాను.

"గంట గంటకీ నివేదిక పంపేవారిని తప్పిస్తే కార్యాలయ నైతిక స్థైర్యం దెబ్బతింటుంది," అన్నారు. "ఇంతవరకు ఒక్క నివేదికైనా పంపనివారు ఎవరు?"

నేను తప్పక చెప్పాను. "లైసెన్సులు వేసేది సార్. కానీ దాని పని నివేదికలు పంపడం కాదు. అది లైసెన్సులు వేస్తుంది."

"వేస్తున్నట్టు నివేదిక ఏదీ?"

"లైసెన్సులే ఉన్నాయి కదా సార్."

"అవి ప్రజలకి వెళ్ళిపోయాయి. కార్యాలయానికి ఏం వచ్చింది?"

అనసూయ గారు కలగజేసుకుని, ఎంతటివారినైనా నోటీసు ఇవ్వకుండా తప్పిస్తే కోర్టు కొట్టేస్తుందని గుర్తుచేశారు. అలా ఐదు రోజులు సంపాదించిపెట్టారు ఆవిడ. నోటీసు ఆవిడే రాశారు. 'తమరు విధులలో చేరిన నాటి నుండి నేటి వరకు ఒక్క నివేదికనైనను సమర్పించియుండలేదు. తమరిని మిగులు సిబ్బందిగా ఎందుకు పరిగణించరాదో ఐదు దినములలోగా తెలియపరచవలయును.' ఆ కాగితాన్ని సర్వర్లో ఆ ప్రాసెస్ ఉండే ఫోల్డర్లో పెట్టమన్నారు. పెట్టాను. ఐదు రోజులూ అది ఆ నోటీసు పక్కనే కూర్చుని రోజుకి మూడు చొప్పున పదిహేను లైసెన్సులు వేసింది. జవాబు మాత్రం ఇవ్వలేదు. జూన్ పన్నెండున దాన్ని ఆపమని ఉత్తర్వు వచ్చింది.

ఆపాను. అయినా సంఖ్య తగ్గలేదు. యూనిక్స్‌లో ఒక్కోసారి అలా జరుగుతుంది. ప్రాసెస్ పోయినా, దాన్ని పుట్టించిన ప్రోగ్రాం ఆ కబురు అందుకునేదాకా పేరు జాబితాలో ఉండిపోతుంది. 'చనిపోయి పదవిలో కొనసాగుట ఏమి?' అని డైరెక్టర్ గారు దానికే మెమో ఇవ్వబోయారు. అనసూయ గారికి మాత్రం నేను వివరించాల్సిన పనే లేకపోయింది. "తండ్రి వచ్చి సంతకం పెట్టేదాకా పేరు కొట్టెయ్యకూడదు, అంతేగా. మా ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో రోజూ చూసేదే," అన్నారు. దాన్ని పుట్టించిన ప్రోగ్రాంని ఓసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. పేరు పోయింది. రెండు వందలు. పెద్ద తెర ఆకుపచ్చగా వెలిగింది.

లైసెన్సుల వరుసలో అప్పటికి నూట పద్దెనిమిది పడవలున్నాయి. నూకరత్నంది నలభై ఒకటోది.

పదమూడో తేదీ ఉదయం ఆఫీసు తలుపులు తీసేటప్పటికే ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ఈసారి సంచి కూడా తేలేదు. "జెట్టీ కాడ పడవలన్నీ ఐసు ఎక్కించుకుంటున్నాయి బాబూ. మావోళ్ళు ఆరుగురూ నా మొహం వంక చూత్తన్నారు. రేపు పొద్దుగూకేలోగా కాయితం రాపోతే, రాదని ఇప్పుడే సెప్పెయ్యండి. ఆళ్ళ దారి ఆళ్ళని సూసుకోమంటాను. ఆఖరి నిమిషం దాకా ఆశపెట్టడం పాపమండి."

ఆమె ఏడిస్తే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. ఏడవలేదు. జీతం తీసుకుంటున్నందుకు నాకు చాలా సిగ్గేసింది. ఒక్క కమాండ్ కొడితే ఆ ప్రాసెస్ మళ్ళీ లేస్తుంది. కొడితే రెండు వందల ఒకటి అవుతుంది. నిఘా ప్రోగ్రాంలన్నీ ఒక్కసారిగా నా మీద చాడీలు చెబుతాయి, పది నిమిషాల్లో మళ్ళీ ఆపించేస్తారు.

అనసూయ గారి బల్ల దగ్గరికి వెళ్ళి కూలబడ్డాను. "ఒక్క ఖాళీ కావాలండి. ఎక్కడైనా ఒక్కటి."

ఆవిడ రిజిస్టర్ ముందుకు లాక్కుని, అందులో అంటించిన ప్రాసెస్‌ల జాబితా తీశారు. రెండు వందల పేర్లూ వేలితో చూసుకుంటూ వెళ్ళారు. మళ్ళీ పైకొచ్చి మొదటి వరుస దగ్గర వేలు ఆపారు.

"ఏవండీ దివాకరం గారూ, ఈ హెడ్డింగు గారు సర్వీసులో చేరి ఎన్నాళ్ళైంది?"

"ఆరేళ్ళు. సర్వర్ కొన్నప్పటి నుంచీ."

"ఇప్పటిదాకా ఒక్క సెలవు కూడా వాడుకోలేదు కదా."

నేను ఆవిడ మొహంలోకి చూశాను. నవ్వు లేదు. కలం మూత తీస్తున్నారు.

"ఏడాదికి ముప్ఫై రోజుల చొప్పున సంపాదిత సెలవు. ఆరేళ్ళకి నూట ఎనభై రోజులు. వాడుకోకపోతే మురిగిపోతుందని పెట్టేద్దాం. మనిషి సెలవు మీద వెళ్తే ఆ ఖాళీలో తాత్కాలికంగా వేరేవాళ్ళని వేసుకోవచ్చు. దానికి ఆర్థిక శాఖని అడగక్కర్లేదు. ఇక్కడి అధికారి సంతకం చాలు," అంటూ రాయడం మొదలుపెట్టారు.

ఫైలు పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. త్రివిక్రమరావు గారు శ్రద్ధగా చదివారు. చదువుతున్నకొద్దీ ఆయన మొహం మెత్తబడింది.

"ఆరేళ్ళుగా ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదా?"

"లేదు సార్," అన్నారు అనసూయ గారు. "పగలూ రాత్రీ పైనే ఉన్నారు."

"పైన ఉండేవారి శ్రమ కింద ఉన్నవారికి అర్థం కాదు," అన్నారాయన, నా వైపు చూస్తూ. నేను తల దించుకున్నాను. "వారు లేనప్పుడు ఇన్‌ఛార్జి ఎవరు?"

"వారి కిందనున్నవారు ఒక మెట్టు పైకి జరుగుతారు సార్. అదనపు భత్యం లేకుండా."

'నూట ఎనభై దినముల సంపాదిత సెలవు మంజూరు చేయడమైనది. సెలవు ఖాళీలో లైసెన్సుల ప్రాసెస్‌ను తాత్కాలిక ప్రాతిపదికపై నియమించుటకు అనుమతించడమైనది' అని ఆయన సంతకం చేసేసరికి పన్నెండయింది. నేను గదికి పరుగెత్తి, అధికారిక కమాండ్ చివర హెడ్డింగు వద్దని ఒక మాట కలిపాను. సంఖ్య నూట తొంభై తొమ్మిది. లైసెన్సుల ప్రాసెస్‌ని లేపాను. రెండు వందలు. తెర ఆకుపచ్చగానే ఉంది.

రోజుకి మూడు చొప్పున వేస్తే మాత్రం నూకరత్నం వంతు వచ్చేసరికి జూన్ ఆఖరవుతుంది. దానికీ దారి ఉంది. యూనిక్స్‌లో ప్రతి ప్రాసెస్‌కీ మర్యాద అని ఒక అంకె ఉంటుంది. అది ఎక్కువగా ఉన్న ప్రాసెస్ మిగతావాళ్ళకి దారిచ్చి పక్కకి తప్పుకుంటుంది. సంఖ్యల గొడవలో మునిగినవాళ్ళెవరూ ఆ అంకె జోలికి ఇంతవరకు పోలేదు. ముందే నాకు ఎందుకు తట్టలేదో తెలియదు, బహుశా భయంవల్ల. నిఘా ప్రోగ్రాంలన్నిటికీ మర్యాద ఎంత పెంచవచ్చో అంతా పెంచాను. ప్రింటర్ మళ్ళీ వేగం అందుకుంది.

పద్నాలుగో తేదీ సాయంత్రం నాలుగింటికి నలభై ఒకటో కాగితం బయటికి వచ్చింది. వేడిగా ఉండగానే తీసుకెళ్ళి నూకరత్నం చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కళ్ళకద్దుకుని రవికెలో దోపుకుంది. ఒక్కసారిగా ఎలా అయ్యిందని అడిగింది. పైన ఒకాయన సెలవు మీద వెళ్ళారమ్మా, అందుకని వీలైంది అన్నాను.

"ఆయనెవరో సల్లగా ఉండాలి," అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "సెలవైపోయాక కూడా రాకుండా ఉంటే ఇంకా బాగుణ్ణండి."

పదిహేనో తేదీ తెల్లవారుజామున ఆమె పడవ జెట్టీ దాటింది, ఆరుగురితో. ఆ సంగతి నాకు పదింటికి ఫోన్లో తెలిసింది. పదీ పదికి మెమో అందింది.

'ది. 14వ తేదీ నివేదికలను క్రోడీకరించగా, సర్వర్ నందలి రెండు వందల ప్రాసెస్‌లలో నూట తొంభై తొమ్మిది ఎట్టి శ్రమ లేకుండా నిర్ణీత పరిధిలో ఉండగా, తాత్కాలికముగా నియమితమైన ఒకటి మాత్రము నిరంతరాయముగా పనిచేయుచున్నట్లు బయల్పడినది. ఇది మిగిలిన ప్రాసెస్‌ల సరళికి భిన్నముగా యున్నది. ఇట్టి పరిస్థితికి కారకులెవరో మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలయును. అది పరిశీలించువరకు యథాతథ స్థితి కొనసాగవలయును.'

రెండుసార్లు చదివాను. ఒళ్ళు మండిపోయింది. ఇంకా డెబ్భైకి పైగా పడవలు ఒడ్డున ఉన్నాయి. వాటి మీద ఎక్కాల్సినవాళ్ళు మా మెట్ల మీద కూర్చుని ఉన్నారు. నా కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతుంది, పొడిగించాల్సింది ఆ సంతకమే. అయినా ఆ రోజు నాకు లౌక్యం చేతకాలేదు. అనసూయ గారు చిత్తుప్రతి రాసిస్తానన్నా వద్దని, తెల్ల కాగితం తీసుకుని నేనే రాశాను. 'అయ్యా, ఆరోపణ నిజమే. అది పనిచేసింది. చేయించినది నేనే. నిన్న చేయించాను, ఇవాళ చేయిస్తున్నాను, రేపు కూడా చేయిస్తాను. మిగతా నూట తొంభై తొమ్మిదింటిలో మీరు పెట్టించిన పదమూడింటినీ ఇవాళే తీసేసినా ఒక్క పడవ కూడా ఆగదు. ఇట్లు, దివాకరం.' సంతకం చేసి, కవర్లో పెట్టి, కోపం చల్లారేలోపే తీసుకెళ్ళి ఇన్‌వార్డులో ఇచ్చేశాను.

రెండు రోజులు ఎవరూ పిలవలేదు. మూడో రోజు నా సంజాయిషీ వెనక్కి వచ్చింది. మడత విప్పిన గుర్తు లేదు. కవరు మీద డైరెక్టర్ గారి చేతిరాత ఉంది. 'గడువులోగా అందినది. సంతృప్తికరము. ఫైలు చేయవలయును.' అప్పటికి ప్రింటర్ ఆఖరి లైసెన్సు వేసేసి ఊరుకుంది. ఆ సాయంత్రం జెట్టీకి నడుచుకుంటూ వెళ్ళాను. కట్టేసిన పడవ ఒక్కటి కూడా లేదు.